మేడమీద మృతనిల్వ

ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కిన ఆ కొత్తల్లో, యానాంలో నలుగురి దగ్గరా డబ్బు ఉండేది గాని బ్యాంకంటే నమ్మకం ఉండేది కాదు. డబ్బు ధాన్యపు గాదెలోనో, దేవుడి పెట్టెలోనో, మరీ తెలివైనవాళ్ళకైతే పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లోనో కాపురం ఉండేది. (మా పెదనాన్న అలాగే పాతిపెట్టి, ఏ చెట్టు మొదట్లోనో మరిచిపోయి, తోటంతా తవ్వించాడు. డబ్బు దొరకలేదు గాని ఆ ఏడు కొబ్బరి విరగకాసింది.) అలాంటి ఊళ్ళో కాకినాడలో హెడ్డాఫీసున్న ఒక చిన్న బ్యాంకు తన శాఖ తెరిచింది. అందులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, అంత తక్కువ తెలిసి అంత ధీమాగా ఎలా తిరిగానా అని నాకే ఆశ్చర్యం వేస్తుంది.

మాది కనకాలపేట. ఊళ్ళోని ఫ్రెంచి బడిలో కొంత చదివి, కాకినాడ కాలేజీలో ఇంగ్లీషు వెలగబెట్టి, మిగిలిన తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఫ్రెంచి వచ్చినవాళ్ళ దగ్గర ఇంగ్లీషు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళ దగ్గర ఫ్రెంచి మాట్లాడి, ఇద్దరి దగ్గరా పండితుణ్ణనిపించుకునే విద్య ఒకటి నాకు అబ్బింది. బ్యాంకులో నన్ను పేరుపెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. అందరికీ నేను ‘దుబాసీ’నే. మా మేనేజరు గారు కాకినాడ మనిషి. కొంప అంటుకున్నా సరే ముందు ‘నిమ్మళంగా, నిమ్మళంగా’ అనేవారు. అందువల్ల మేము చాటుగా ఆయనను నిమ్మళం గారు అనుకునేవాళ్ళం. చట్టం అడిగిందో లేదో నాకు తెలియదు గాని, మూడు నెలలకోసారి బ్యాంకు ఫలితాలు అచ్చువేసి ప్రతి శాఖకూ పంపడం మా హెడ్డాఫీసు వారికి ఒక ముచ్చట. అది ఇంగ్లీషులో ఉండేది. ఆ కాగితాన్ని గోడకు అంటించి ఊరుకోకుండా, ఖాతాదార్లను పిలిచి తెలుగులో చదివి, అర్థం చెబితే నమ్మకం పెరుగుతుందని నిమ్మళం గారికి తోచింది. ఆ చెప్పేవాణ్ణి నేను.

బ్యాంకు ఉన్న ఇంటి సంగతి చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. గోదావరి ఒడ్డుకు దగ్గరగా, ఎప్పుడో ఒక వర్తకపు దొర కట్టించిన మేడ అది. కింద పెద్ద హాలు, పైన కర్ర నేల వేసిన మరో పెద్ద గది. కింది హాలు కప్పు మధ్యలో కొబ్బరికాయ పట్టేంత రంధ్రం ఉండేది. ఒకప్పుడు గాజుదీపాల గుత్తి గొలుసు అందులోంచి దిగేదట. గుత్తి అమ్ముడుపోయింది, రంధ్రం మిగిలింది. ఆ దొర ఒకనాడు స్నేహితులందరికీ మేడమీద విందు చేసి, మర్నాడు వాళ్ళనే వెంటబెట్టుకొని పడవెక్కాడని, ఆ పడవ గోదావరి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళడం చూసినవాళ్ళున్నారు గాని తిరిగి రావడం చూసినవాళ్ళు లేరని ఊళ్ళో చెప్పుకునేవారు. బ్యాంకు ఆ ఇంటిని సామానుతో సహా తీసుకుంది. మేము దిగిన రోజున నేను మేడమీదికి వెళ్ళి చూశాను. కుర్చీలన్నీ గోడవారగా ఒకదానిమీద ఒకటి బోర్లించి, పైన పాత తెరచాప గుడ్డ కప్పి ఉన్నాయి. తలుపు వేసి తాళం పెట్టి కిందికి వచ్చేశాను. తాళంచెవి నిమ్మళం గారి సొరుగులోకి చేరింది. ఆ తరవాత ఎవరూ పైకి వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పనీ లేదు, వెళ్ళాలన్న సరదా అంతకన్నా లేదు.

మొదటిసారి చదివినప్పుడు బాగానే గడిచింది. హాలు నిండా జనం. ముందు వరుసలో ఇద్దరు. ఒకరు దరియాలతిప్ప నుంచి వచ్చిన సరంగు బాబాయి. సొంత పడవలున్న మనిషి. ఆయన ఏ బ్యాంకులో వేస్తే వేటకు వెళ్ళే ఇళ్ళన్నీ ఆ బ్యాంకులోనే వేసేవి. రెండోవారు మదాం మామ్మ. భర్త ఫ్రెంచి పటాలంలో చేరి సైగాను వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన పేర వచ్చే పింఛను దాచుకోవడానికి మా బ్యాంకుకు వచ్చేది. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, మాట్లాడితే పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెత్తని గొంతు. నేను ‘నెట్ ప్రాఫిట్’ దగ్గరికి రాగానే సరంగు బాబాయి, నెట్టంటే వల కదా, బ్యాంకోళ్ళకి వలలు కూడా ఉన్నాయా అని అడిగాడు. ఖర్చులన్నీ పోగా మిగిలిన నికర లాభమని చెబితే, ‘అదే, పిల్ల చేపల్ని వదిలేశాక వల్లో మిగిలేది’ అని తనే అందరికీ నాకన్నా బాగా విప్పి చెప్పాడు. ‘ప్రొవిజన్’ అనేసరికి మదాం మామ్మ, ఫ్రెంచిలో ఆ మాటకు వంటసరుకులని అర్థం, బ్యాంకు ఇన్ని సరుకులు ఎవరికి వండుతోందని మెల్లగా అడిగింది. రాని బాకీల కోసం ముందుజాగ్రత్తగా పక్కన పెట్టిన సొమ్మని చెప్పాను. అంతా తలలూపారు. నేను మరో జానెడు ఎత్తు పెరిగాను. మధ్యలో ఒకసారి పైన ఏదో కీచుమని గీసుకున్నట్టు వినిపించింది. పందికొక్కులనుకున్నాను.

రెండోసారి ముసురు పట్టిన రోజుల్లో పడింది. మధ్యాహ్నమే అయినా హాలులో మనుషుల ముఖాలు సరిగా ఆనడంలేదు. గోదావరి మీదినుంచి వచ్చే తడిగాలికి తలుపులు మూసేస్తే, గోడల లోపలినుంచి ఏదో పాత వాసన బయలుదేరింది. కాగితం ఆ ఉదయమే కాకినాడ బస్సులో వచ్చింది. ముందుగా చదివి తెలియని మాటలు నిమ్మళం గారిని అడిగి ఉండవలసింది. కాని పండితుడికి ముందు చదువుకోవడం చిన్నతనం కదా. రంధ్రానికి సరిగ్గా కింద, వెలుతురు కాస్త మెరుగ్గా ఉన్న చోట నిలబడి మొదలుపెట్టాను. డిపాజిట్లు పెరిగాయి, అప్పులు వసూలవుతున్నాయి, లాభం ఫరవాలేదు. అలా దిగుతూ ‘డెడ్ స్టాక్’ అనే మాట దగ్గర ఆగిపోయాను. కిందటిసారి అది కాగితంలో లేదు. ఉన్నా వేరే మాటల పక్కన నక్కి ఉంటుంది. ఇప్పుడు ఒక వరుసంతా తనదే అన్నట్టు కూర్చుంది. జనం నా ముఖం వంకే చూస్తున్నారు. దాటేద్దామంటే అభిమానం అడ్డొచ్చింది. డెడ్ అంటే చనిపోయిన, స్టాక్ అంటే నిల్వ. గొంతు సవరించుకొని ‘మృతనిల్వ’ అని గంభీరంగా ప్రకటించాను.

సరంగు బాబాయి కొంచెం ముందుకు వంగి అడిగాడు. “మృతనిల్వంటే ఏటబ్బాయ్?”

ఖాతాదార్లలో చనిపోయినవాళ్ళ సొమ్ము అయి ఉంటుందని నా ఊహ. ఆ ఊహను నేను ఇంకాస్త చక్కగా చెప్పి ఉండవచ్చు. కాని తొందరలో నా నోట వచ్చిన మాట, “చనిపోయినవాళ్ళండీ. బ్యాంకులో ఉన్నవాళ్ళు” అని. అంతటితో ఊరుకోక కాగితం చూసి, “కిందటి మూడు నెలల మీద ఈసారి పెరిగారు” అని కూడా అన్నాను.

సరిగ్గా అప్పుడు మా నెత్తిమీద, మూసి ఉన్న మేడగదిలో, ఒక కుర్చీ జరిగింది. పందికొక్కు చప్పుడు కాదది. మనిషి కూర్చోబోతూ కుర్చీని వెనక్కి లాక్కుంటే కర్ర నేలమీద వచ్చే చప్పుడు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆ రంధ్రంలోంచి ఏం కనబడుతుందో అని. కాసేపటికి మరొకటి జరిగింది, దానికి కొంచెం అవతలగా. ఆ తరవాత ఇంకొకటి, చాలా నెమ్మదిగా, ఎదుటివాళ్ళకు అడ్డు రాకుండా సర్దుకుంటున్నట్టు. సరంగు బాబాయి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కేకలేమీ వేయలేదు. పక్కవాడితో ఒక రహస్యం చెబుతున్నట్టు మాత్రం అన్నాడు. “పెరిగినోళ్ళు ఇప్పుడే వచ్చి కూసుంటున్నట్టున్నారు.”

అంతే. తోపులాట లేదు, పరుగు లేదు. చావింట్లోంచి వచ్చేసినట్టు ఒక్కొక్కళ్ళే తల వంచుకొని, ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు. మదాం మామ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, కప్పు వంక కాసేపు చూసి, గొడుగు తీసుకొని వెళ్ళింది. నేను కాగితంలో మిగిలిన వరుసలు ఖాళీ హాలుకే చదివి ముగించాను. ఎందుకు ముగించానో ఇప్పటికీ చెప్పలేను. సగంలో ఆపితే పైవాళ్ళు ఏమనుకుంటారో అనిపించింది కాబోలు.

మర్నాడు బ్యాంకు తలుపు తీయకముందే వీధి మలుపుదాకా జనం. సంగతి అడవిపొలం, కనకాలపేట, దరియాలతిప్ప అన్నీ చుట్టి, చుట్టినకొద్దీ పెరిగి, తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది. ఆ బ్యాంకు పోయినవాళ్ళను మేడమీద దాచి వాళ్ళ పేరున సొమ్ము తింటోందని ఒకరు, అందులో డబ్బు వేసినవాడు మూడు నెలల్లో ఆ లెక్కలోకి చేరతాడని మరొకరు. అందరిదీ ఒకటే కోరిక, మా డబ్బు మాకిచ్చేయండి. మా అమ్మ పొద్దున్నే నా జేబులో విభూతి పొట్లం పెట్టి, సాయంత్రం దీపాల వేళకు ముందే వచ్చేయమంది. నిమ్మళం గారు నన్ను లోపలికి పిలిచి నేనేం చదివానో చెప్పించుకున్నారు. విని, తన బల్ల మీద అరచెయ్యి వేసి, “ఇదయ్యా డెడ్ స్టాక్. బల్లలు, కుర్చీలు, బీరువాలు. మొన్న కాకినాడ నుంచి ఇనప్పెట్టె తెప్పించాం కదా, అందుకు పెరిగింది” అన్నారు. నాకు భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది.

ఆ వచ్చిన జనానికంతా ఇవ్వడానికి పెట్టెలో ఉన్న నగదు చాలదు. కాకినాడ నుంచి రావాలంటే సాయంత్రం అవుతుంది. ఈలోపల ఒక్కరికి లేదన్నా శాఖ మూతపడుతుంది, దానితోపాటు ఇప్పుడిప్పుడే గాదెలోంచి బయటికొచ్చిన నమ్మకం మళ్ళీ గాదెలోకి పోతుంది. ముందు వరుసలో నిలుచున్న బెస్తవాళ్ళ సొమ్మంతా ఆ యేటి వేట మీద కూడబెట్టింది, వాళ్ళ ముఖాలు చూస్తే నాకు అన్నం సహించేలా లేదు. నమ్మకమైన ఖాతాదార్లను పైకి తీసుకువెళ్ళి ఆ కుర్చీలేవో చూపిస్తే సరిపోతుందని నిమ్మళం గారు నిర్ణయించారు. తాళంచెవి నా చేతిలో పెట్టారు. తను కూడా వచ్చేవారే, కాని సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసుకు తంతి ఇవ్వవలసిన సంగతి గుర్తుకొచ్చింది. “నిమ్మళంగా వెళ్ళు” అన్నారు. (నిమ్మళంగా వెళ్ళడానికి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాళ్ళే ఆ పని చూసుకుంటున్నాయి.)

ఎవరొస్తారని అడిగితే జనం ఒక అడుగు వెనక్కి వేశారు. సరంగు బాబాయి పరువు కోసం ముందుకొచ్చాడు. మదాం మామ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. లాంతరు పట్టుకొని నేను ముందు, ఆమె నా వెనక, సరంగు బాబాయి ఆఖర్న. మెట్లు తడి పీల్చుకొని అడుగు వేస్తే లోపలికి దిగుతున్నట్టున్నాయి. కింద అంత జనం ఉన్నా పైకి ఒక్క మాట వినబడలేదు. తాళం తుప్పు పట్టింది. చాలాసేపు పెనుగులాడాక వచ్చింది.

కుర్చీలు గోడవారన లేవు. గది నడుమ వరుసలుగా ఉన్నాయి, అన్నీ ఒకే వైపు తిరిగి, నేలలోని ఆ రంధ్రం వైపు. నేను కింద నిలబడి చదివేది దాని కిందే. పాత తెరచాప గుడ్డను ఎవరో చక్కగా మడతపెట్టి కిటికీ గట్టు మీద ఉంచారు. లాంతరు దించి నేల చూశాను. దుమ్ము మందంగా, పిండి జల్లించి పరిచినట్టుంది. అందులో ఒక్క అడుగు జాడ లేదు, కుర్చీ కాళ్ళు ఈడ్చిన గీత కూడా లేదు. సరంగు బాబాయి గుమ్మంలోంచే అదంతా చూశాడు. పడవ సరిగా కట్టానో లేదో చూసుకోవాలని నాతో అని, సముద్రంలో తుపాను చూసినప్పుడు కూడా అంత హడావిడి పడి ఉండడనుకుంటాను, మెట్లు దిగిపోయాడు.

నేను ఆయన వెనకే దిగిపోదామని తిరిగాను. అంతలో మదాం మామ్మ గదిలోకి నడిచి, చివరి వరుసలో ఒక కుర్చీ కొంగుతో తుడుచుకొని కూర్చుంది, చర్చిలో కూర్చున్నంత మామూలుగా.

“మామ్మగారూ, రండి, వెళ్ళిపోదాం” అన్నాను.

ఆమె నా వంక చూడలేదు. “మా ఆయన పోయాడని నాకు ఒక్క ముక్క ఎవరూ చదివి చెప్పలేదు బాబూ. పింఛను మాత్రం వచ్చింది. వీళ్ళకి కూడా ఎవరూ ఏమీ చెప్పుండరు. నిన్న నువ్వు చదువుతుంటే వినడానికొచ్చారు. తప్పు చదివి భయపెట్టావు. సరిగ్గా చదువు.”

కాగితం నా జేబులోనే ఉంది. అప్పుడు నేను ధైర్యవంతుణ్ణయి చదివానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. గుమ్మందాకా వెళ్ళే ఓపిక మోకాళ్ళలో లేక చదివాను. లాంతరు వెలుతుర్లో, ఆ ఖాళీ కుర్చీల ముందు నిలబడి, డిపాజిట్లు అంటే ఏమిటో, అప్పులు ఎవరికిచ్చారో, రాని బాకీలకు ఎంత జాగ్రత్తపడ్డారో, ఒక్కొక్క వరుసా విప్పి చెప్పాను. నా జన్మలో అంత స్పష్టంగా, అంత వినయంగా, తెలియని మాటను తెలియదని ఒప్పుకుంటూ ఏదీ చదవలేదు. ‘డెడ్ స్టాక్’ దగ్గరికి వచ్చేసరికి కాగితం కాస్త దించాను. ఇవి బల్లలూ కుర్చీలూ మాత్రమేనండీ, మనుషులు కారండీ, నిన్న నేను తప్పుగా చెప్పాను, మన్నించండని అన్నాను. చివరికి లాభం చెప్పి కాగితం మడిచాను. గదిలో చలి ఒక్కసారి పెరిగినట్టనిపించింది. ముందు వరుసలో ఒక కుర్చీ చప్పుడు చేసింది, కూర్చున్నవాళ్ళు లేస్తే వచ్చే చప్పుడు. తరవాత మరొకటి. తరవాత గది నిండా, మెల్లగా, సభ ముగిసినట్టు. కుర్చీలు మాత్రం నా కళ్ళముందు ఒక్కటీ కదల్లేదు. మదాం మామ్మ చివరిదాకా కూర్చుని, చప్పుళ్ళన్నీ ఆగాక సిలువ గుర్తు వేసుకొని లేచింది. “మెర్సీ, బాబూ” అని ఫ్రెంచిలో ధన్యవాదం చెప్పింది. నాతోనే అంది అనుకుంటాను.

దిగి వస్తే కింద హాలు కిటకిటలాడుతోంది. జనం అంతా లోపలికొచ్చి కప్పు వంక చూస్తూ నిలబడ్డారు. ఆ రంధ్రంలోంచి నా చదువంతా వాళ్ళకు వినబడింది, ఆ తరవాతి చప్పుళ్ళు కూడా. ఇక బ్యాంకు పని అయిపోయిందనుకున్నాను. నిమ్మళం గారు తంతి కాగితం చేత్తో పట్టుకొని ఒక స్తంభం చాటున ఉన్నారు. అప్పుడు సరంగు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

“అబ్బాయి లెక్కంతా సదివాడు. పైనున్నోళ్ళు ఆఖరిదాకా ఇన్నారు. తప్పుంటే ఊరుకునేవోరా? ఇన్నారు, లేసెల్లిపోయారు. ఆళ్ళకే లేని అనుమానం మనకెందుకు?”

నేను బల్లలూ కుర్చీలూ అని అంత విడమర్చి చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు. (పట్టించుకుని ఉంటే, కుర్చీలు లేచి వెళ్ళడమేమిటని అడిగేవారు.) ఒక్కొక్కళ్ళే పాసుపుస్తకం మళ్ళీ నడుంలో దోపుకొని ఇంటిదారి పట్టారు. ఒకరిద్దరు అంతదూరం వచ్చాం కదా అని తెచ్చుకున్న చిల్లర జమ కట్టి మరీ వెళ్ళారు. సాయంత్రం కాకినాడ నుంచి నగదు వచ్చేసరికి అడిగేవాళ్ళు లేరు. మూఢనమ్మకాలను ఓపికగా ఎదుర్కొన్నందుకు హెడ్డాఫీసు నిమ్మళం గారిని మెచ్చుకుంది. తరవాత ఒక ఇంజనీరును కూడా పంపింది. ఆయన పొడి ఎండలో వచ్చి, నేల తట్టి చూసి, కర్ర తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది, చప్పుళ్ళు రాక ఏం చేస్తాయన్నాడు. కుర్చీలు వరుసల్లోకి ఎలా వచ్చాయని నేను అడగబోతే నిమ్మళం గారు నా కాలు తొక్కారు.

ఆ తరవాత నాకు బదిలీ అయ్యేదాకా మూడు నెలలకోసారి అదే చోట నిలబడి చదివాను. ముందురోజే కాగితమంతా చదువుకొని, తెలియని మాటలకు అర్థాలు కనుక్కొని, ఒకటికి రెండుసార్లు చూసుకొని మరీ వచ్చేవాణ్ణి. మదాం మామ్మ ఒక్కసారి కూడా మానలేదు. పైన చప్పుడు కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు. రానిరోజు, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త వెలితిగా ఉండేది.

తరవాత పెద్ద ఊళ్ళకు వెళ్ళాను, పెద్ద ఉద్యోగాలు చేశాను. మైకులున్న హాళ్ళలో, మెడకు టై కట్టుకొని, వాటాదార్ల ముందు ఇంతకు పదింతల లెక్కలు చదివాను. వాళ్ళు బిస్కట్లు తిన్నారు, గడియారాలు చూసుకున్నారు, కునుకు తీశారు. చదువుతూ మధ్యలో నాకు ఆ కుర్రాడు గుర్తుకొచ్చేవాడు. ఏమీ తెలియనివాడు, ఖాళీ కుర్చీల ముందు లాంతరు పట్టుకొని నిలబడ్డవాడు. పాపం, ఆ వేళ వాడికి పారిపోవడం తప్ప మరో కోరిక లేదు. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు మళ్ళీ ఎప్పుడూ దొరకరని వాడికి ఎవరైనా చెప్పి ఉంటే, ఇంకొంచెం నెమ్మదిగా చదివేవాడేమో.